ఒట్టి కాళ్ల నడక

దయ్యాలు, ఆత్మలు, కలలో కనిపించి మాట్లాడే పెద్దలు, వీటిలో ఏదీ నేను నమ్మను. ఖమ్మంలో ఒక ల్యాబ్‌లో రక్తపరీక్షలు చేయడం నా పని. మనిషి మాట కన్నా రిపోర్టు మీదే నాకు నమ్మకం. ఇంట్లో ఎవరైనా పీడకల వచ్చిందంటే, రాత్రి ఏం తిన్నావని అడిగే రకం. కింద రాసేది చదివి నన్ను వేరే బాపతులో కలిపేస్తారేమోనని ముందే చెబుతున్నాను.

మా అమ్మకు షుగర్. చాలా ఏళ్ల నుంచి అరికాళ్లలో స్పర్శ లేదు. నడుస్తూ నడుస్తూ చెప్పు జారిపోయినా తెలియక, ఒంటి చెప్పుతో వంటగదిలోకి వచ్చేది. ఒకసారి మేకు గుచ్చుకుంటే, నేల మీద రక్తం చూసి ఇదెవరిదని తనే అడిగింది. ఆ పుండు మానక ఎడమకాలి చిటికెనవేలు తీసేశారు. ఇంకో పుండు పడితే పాదమే తీయాల్సి వస్తుందని డాక్టర్ తేల్చి చెప్పాడు.

అప్పుడే మా నాన్న భద్రాచలం రాముడికి మొక్కుకున్నాడు. పాదం దక్కితే ఇద్దరం మా ఊరు తిరుమలాయపాలెం నుంచి గుడి దాకా చెప్పుల్లేకుండా నడిచొస్తామని. కాలు బాగుపడాలని కోరి, బాగుపడితే ఆ కాలినే ఎండలో ఒట్టిగా నడిపిస్తానని మొక్కడం మా నాన్నకే చెల్లింది. పాదం దక్కింది. మొక్కు తీరకముందే ఆయన గుండెపోటుతో పోయాడు.

కర్మ రోజున పంతులుకు చెప్పులు దానమిస్తారు. పోయినవాళ్ల దారిలో ముళ్లూ నిప్పులూ ఉంటాయని, ఇక్కడ ఇచ్చిన చెప్పులు అక్కడ వాళ్ల కాళ్లకు చేరతాయని మా పెద్దల నమ్మకం. చాలామంది బజార్లో దొరికే రబ్బరు చెప్పులతో సరిపెట్టేస్తారు. అమ్మ ఒప్పుకోలేదు. నాన్న బతికినన్నాళ్లూ కిర్రు చెప్పులే తొడిగాడు. పైన వెడల్పాటి తోలు పట్టీ, బొటనవేలికి ఉంగరంలాంటి చిన్న పట్టీ ఉండేవి. అచ్చం అలాంటివే ఆయన కొలతకు కుట్టించి ఇచ్చింది.

"మీ నాయినవి మెత్తటి కాళ్లు బిడ్డా" అంది. ఆ రోజు వాదించే రోజు కాదు.

ఈసారి నవమి ముందు మా ఊరివాళ్లు నడకకు బయలుదేరుతుంటే, అమ్మ కూడా బట్టలు సర్దుకుంది. "మొక్కు ఆయనది, కాలు నాది. ఎగ్గొడితే ఎట్ల?" అంది. అరిచాను, ఏడ్చాను, రిపోర్టులు ముందు పరిచాను. వద్దంటే వినే మనిషైతే షుగర్ పెట్టుకుని బెల్లం టీ ఎందుకు తాగుతుంది? చివరికి సెలవు పెట్టి నేనూ వెంట నడిచాను. నా కాళ్లకు కొత్త స్పోర్ట్స్ షూ, ఆమెవి ఒట్టి కాళ్లు. ఎక్కడో ఒకచోట దిగొస్తుందని ఆమె హవాయి చెప్పులు నా సంచిలో పెట్టుకున్నాను.

ఆ నడకలో అన్ని రోజులూ ఒకేలా ఉంటాయి. తెల్లవారకముందే లేవడం, ఎండ ముదిరేదాకా నడవడం, మధ్యాహ్నం ఏ బడి వరండాలోనో మామిడితోటలోనో ఒరగడం, ఎండ తగ్గాక మళ్లీ నడక. సామాన్లు ట్రాలీ ఆటోలో ముందు పోతాయి. ఎవరి బొబ్బ పగిలింది, ఎవరి చెప్పు తెగింది, వేజలీన్ డబ్బా ఎవరి దగ్గరుంది, ఇవే కబుర్లు. నిజం చెప్పాలంటే దేవుడి పేరు కన్నా బొబ్బల పేరే ఎక్కువ విన్నాను.

ఒట్టి కాళ్లవాళ్లు రోడ్డు అంచున తెల్ల గీత మీద వరుసగా నడుస్తారు. తారు కన్నా అది తక్కువ కాలుతుంది. అమ్మకు కాలేదేదో కాలనిదేదో తెలియదు కాబట్టి, నేనే చెయ్యి పట్టుకుని గీత మీదికి లాగేదాన్ని. ఆగిన ప్రతిచోటా తడిగుడ్డతో అరికాళ్లు తుడిచి, ఫోన్ లైటు వేసి వెతికేదాన్ని. ప్రతిసారీ ఏమీ ఉండేది కాదు. ఇల్లెందు చేరేసరికి నా మడమలు రెండూ బొబ్బలెక్కాయి.

"ఆ బూట్లు వాపస్ ఇచ్చెయ్ బిడ్డా" అని నవ్వింది అమ్మ.

టేకులపల్లి దాటాక అడవి. ఇప్పపూలు రాలే కాలం. పొద్దున్నే చెట్ల కింద ఆడవాళ్లు వంగి పూలేరుతున్నారు. రోడ్డు పక్కనే ఏరుతున్న ఒకామె మేం దగ్గరికి రాగానే అమ్మ కాళ్ల వైపు చూసి నన్ను అడిగింది.

"అవ్వకు గంత పెద్ద చెప్పులేందమ్మా? మొగోళ్లయి తొడిగినవ్. జారి పడదా?"

నేను కిందికి చూశాను. అమ్మ పాదాలు చీలమండల దాకా ఎర్రదుమ్ము కొట్టుకుని ఉన్నాయి. చెప్పుల్లేవు. "మొక్కు అమ్మా, ఒట్టి కాళ్లే" అన్నాను. ఆమె మళ్లీ చూసింది. తట్ట తీసుకుని ఇంకో చెట్టు కిందికి వెళ్లిపోయింది. పొద్దుటెండ కళ్లలో పడి ఏదో అనుకుని ఉంటుందిలే అనుకున్నాను.

గోదావరి వంతెన మీద అమ్మ కొంగు నోట్లో కుక్కుకుని ఏడ్చింది. రేవులో దిగి మెట్టు మీద కూర్చోబెట్టి కాళ్లు కడిగాను. ముందు అరికాళ్లు చూశాను. ఒక్క గీత లేదు, ఒక్క పొక్కు లేదు. ప్రాణం లేచొచ్చింది. తర్వాత దుమ్మంతా కరిగి పాదాల పైభాగం బయటపడింది.

పిక్కల నుంచి వేళ్ల దాకా చర్మం ఎండకు నల్లగా మాడింది. రెండు పాదాల మీదా అడ్డంగా, వెడల్పాటి పట్టీ మేర మాత్రం మాడలేదు. బొటనవేళ్ల చుట్టూ సన్నటి ఉంగరంలా కూడా మాడలేదు.

బొటనవేలితో రుద్దాను, సబ్బుతో రుద్దాను. పోలేదు. సంచిలోంచి ఆమె హవాయి చెప్పులు తీసి పెట్టి చూశాను. వాటి పట్టీలు వేళ్ల సందు నుంచి రెండుగా చీలతాయి. ఇది అది కాదు. దారంతా నా చెయ్యి వదలని మనిషి, నాకు తెలియకుండా ఎవరి చెప్పులు, ఎప్పుడు తొడుగుతుంది? నాకు భయం వేయలేదు. కళ్లలో నీళ్లు తిరిగాయి.

అమ్మ దండం పెట్టుకుంటుందేమో అనుకున్నాను. ఆమె ముఖం వాడిపోయింది.

"అయ్యో! ఇయ్యి నాకు తొడిగి, ఆయన ఇన్ని రోజులు ఒట్టి కాళ్లతోటి నడిచిండా?"

"మొక్కు ఆయనది గూడ గదమ్మా. తీర్చుకున్నడేమో" అన్నాను. ఆ మాట నా నోట్లోంచి ఎలా వచ్చిందో ఇప్పటికీ తెలియదు.

అమ్మ కళ్లు తుడుచుకుంది. "మొక్కు తీరినట్టే గద. ఇగ ఆయనకు చెప్పులు గావాలె. లే" అంది.

దర్శనం అయ్యాక గుడి దారిలో తోలు చెప్పులు కొన్నాం. మళ్లీ రేవుకొచ్చి, కాళ్లకేమీ లేకుండా కూర్చున్న ఒక ముసలాయనకు అమ్మ ఇచ్చింది. ఆయన తొడుక్కుని నడిచి జనంలో కలిసేదాకా చూస్తూ నిలబడింది.

తర్వాత డాక్టర్ పాదాలు చూసి సంతోషించాడు. స్పర్శ మాత్రం రాలేదు. ఆ గుర్తు వానలు పడేనాటికి మాసిపోయింది. రేవులో తీసిన ఫోటో నా ఫోన్‌లో ఉంది, చూసినప్పుడల్లా కారణం వెతుకుతాను, దొరకదు.

ఆ రోజు దుకాణంలో ఎవరూ అడగకముందే నాన్న సైజు నేనే చెప్పాను. దూరం నడవాలి కదా, ఆగుతుందో లేదోనని పట్టీని రెండుసార్లు గట్టిగా లాగి చూశాను.