అక్కకు తుడిస్తే పోయింది

ఒకే వానాకాలంలో మా తోడికోడలికీ నాకూ నోట్లో తెల్లగా లేచింది. రాయచూరులో మాది ఒకే ఇల్లు, కింద వాళ్ళు, పైన మేము. పెద్దదని ఆమెను అక్కా అంటాను. ఆమెకు దమ్ము, ఊపిరాడటానికి రోజూ నోట్లో మందు పంపు కొట్టుకుంటుంది. నేను బట్టలు కుడతాను. మిషన్ మీద కూర్చుంటే ఎడమ బుగ్గలో పొగాకు ఉండాల్సిందే.

అక్కకు నాలుక మీద, అంగిట్లో పెరుగు తరకల్లా వచ్చాయి. మంటకు అన్నం మింగలేకపోయేది. నాకు పొగాకు పెట్టుకునే చోట ఒక్క మచ్చ, నొప్పి లేదు. ఇంకేముంది, ఇల్లంతా ఆమె చుట్టే తిరిగింది. మా అత్త ఆమెకు గంజి కాచేది. చివరికి నా భర్త కూడా వదినకు కొబ్బరినీళ్ళు తెచ్చాడు. నా నోరు చూడమంటే, "నొప్పి లేదంటివి కద" అన్నాడు. నాకు ఒళ్ళు మండింది.

"నాతోని రా చెల్లే, నీది గూడ చూపిద్దాం" అని అక్కే దంతాల ఆసుపత్రికి తీసుకెళ్ళింది.

డాక్టరమ్మ గుడ్డముక్కతో అక్క నాలుక తుడిచింది. తెలుపు ఊడొచ్చింది, కింద ఎర్రగా కనబడింది.

"ఇది ఫంగస్. పంపు కొట్టుకున్నాక నోరు పుక్కిలించడం లేదు కదా?" అని కన్నడంలో అడిగి, మందు రాసింది.

నా మచ్చ ఎంత తుడిచినా కదల్లేదు. వేలితో నొక్కి చూసింది. మెడ తడిమింది.

"క్యాన్సరని ఇప్పుడే అనలేను, కాదనీ అనలేను. చిన్న ముక్క తీసి పరీక్షకు పంపాలి."

"నొప్పి లేదు కదమ్మా?"

"మొదట్లో చాలామందికి ఉండదు."

రిపోర్టు వచ్చేలోపు అక్క నోరు బాగైంది. మెట్ల మీద కూర్చుని జొన్నరొట్టె, ఎర్రకారం నంజుకు తింటుంటే పైనుంచి చూశాను. నాకు కుళ్ళొచ్చింది. నా మచ్చ ఆమెకూ, ఆమె మచ్చ నాకూ ఎందుకు రాలేదని అనుకున్నాను.

నాది క్యాన్సరే. మొదట్లోనే దొరికిందని, మచ్చ చుట్టూ కోసి తీసేశారు. పొగాకు మానేశాను. బుగ్గలో కుట్లు మానేదాకా అక్కే రొట్టె పాలల్లో నానబెట్టి తినిపించింది. ఒకరోజు అనేశాను:

"నిన్ను చూస్తె కుళ్ళుగ ఉందక్కా."

"నాకు లేకుండెనా? నేను మంటతోని ఏడుస్తుంటె, నువ్వు మిరపకాయ బజ్జీలు తింటుంటివి" అంది.

ఇద్దరం నవ్వాం. నాకు నవ్వితే బుగ్గ లాగింది.

చెకప్పుకు వెళ్ళినప్పుడల్లా ఆమే తోడొస్తుంది. పేరు పిలిచేదాకా నా చెయ్యి పట్టుకుని కూర్చుంటుంది. లోపలికి మాత్రం నేనే వెళ్ళాలి. బయట మిగిలిన ఆమె మీద అప్పుడు మళ్ళీ కొంచెం కుళ్ళు లేస్తుంది.