ప్లేట్ల రాజుకు పాట నేర్పిన రోజు

ఆ రోజుల్లో అబద్ధానికి ఆయుష్షు ఎక్కువ. ఇప్పుడు ఫలానా పెద్దమనిషిని కలిశానని అంటే చాలు, "ఏదీ ఫొటో?" అని చెయ్యి చాపుతున్నారు. అప్పట్లో మా నారాయణపేటలో ఫొటో దిగాలంటే పెళ్లన్నా కావాలి, పోలీసు కేసన్నా కావాలి. అందుకే పట్నం పోయి వచ్చినవాడు ఏది చెబితే అదే జరిగినట్టు లెక్క. నేను పట్నం పోయి వచ్చినవాణ్ణి. అప్పుడు నాకు ఇరవై నిండలేదు. పాటలకు రాజు లాంటి ఒక గాయకుడు ఉండేవాడు. గ్రామఫోను రికార్డులను మేము ప్లేట్లు అనేవాళ్లం గనుక ఆయన మాకు ప్లేట్ల రాజు. ఆయనకూ నాకూ మంచి స్నేహం. పట్నం బజారులో కారు ఆపి నన్ను పలకరించాడు, నా భుజం మీద చెయ్యి వేశాడు, ఆయన పాటలో తప్పుంటే నేను దిద్దాను, ఆయన ఒప్పుకొని వేలమంది ముందు నేను నేర్పినట్టే పాడాడు. (పట్నం బజారు, కారు అబద్ధం. వేలమందిని కొన్ని వందలకు దించుకోండి. మిగిలిందంతా నిజం. ఆ నిజం ఎలాంటిదో చెప్పడానికే ఈ కాగితాలు ఖరాబు చేస్తున్నాను.)

మా వీధి చివర చాచా చాయ్ హోటల్ ఉండేది. మా వీధి మొత్తానికి ఒకే గ్రామఫోను, అది చాచాది. దాని లోపల వేగాన్ని అదుపులో పెట్టే మర ఎప్పుడో పాడైపోయింది. చావి ఇచ్చి సూది పెడితే పాట తోక తొక్కిన పిల్లిలా పరుగెత్తేది. ప్లేట్ల రాజు గొంతు మాకు సన్నగా, గలగలమంటూ వినిపించేది. అదే ఆయన గొంతు అనుకున్నాం. ఇంకొకటి వినే దారి ఉంటే కదా! మాకు ప్రాణమైన పాటలో "మబ్బు చాటున నిలిచిన పిల్లా, నా పిలుపు వినబడలేదా" అని ఒక చరణం. ఆ చోట ప్లేటుకు సన్నని బీట పడి ఉండేది. సూది అక్కడ ఇరుక్కుని "వినబడలేదా... వినబడలేదా... వినబడలేదా" అనేది. మూడోసారికి చాచా పొయ్యి దగ్గరి నుంచి వచ్చి పెట్టె మీద ఠప్పున ఒక్కటి చరిచేవాడు. సూది దూకి పాట ముందుకు సాగేది. కొన్నాళ్లకు మేమందరం కూడా మూడోసారికి ఠప్పున బల్లలు చరచడం మొదలుపెట్టాం. మరికొన్నాళ్లకు అది పాటలోనే కలిసిపోయింది. మా వీధిలో మగ్గం నేసేవాళ్లు, పిల్లను జోకొట్టేవాళ్లు, చివరికి మా అవ్వ కూడా మూడుసార్లు వినబడలేదా అని, ఒకసారి ఠప్పుమనేవాళ్లే. కొత్తవాళ్లు ఎవరైనా హోటల్లో కూర్చుంటే ఆ దెబ్బకు చాయ్ ఒళ్లో పడేది.

నేను మా మగ్గాల చీరలు ఇచ్చి రావడానికి ఒకసారి పట్నం వెళ్లాను. ఒక దుకాణం గోడ మీద ప్లేట్ల రాజు బొమ్మ చూశాను. కలిసింది అంతే, బొమ్మను. తిరిగొచ్చి హోటల్లో కూర్చోగానే ఆ బొమ్మ కారు దిగింది. "నా భుజం మీద చెయ్యేసి, తమ్మీ, పట్నం వస్తే మా ఇంట్లనే దిగాలె అన్నడు" అని చెప్పాను. చాచా ఆ పూట నాకు మలాయి ఎక్కువ వేశాడు. నా దోస్తు ఒకడుండేవాడు, అందరూ బక్కోడు అని పిలిచేవాళ్లు. వాడు మాత్రం నన్ను కింది నుంచి పైదాకా చూసి, "ఏ భుజం మీద ఏసిండ్రా?" అని అడిగాడు. నేను తడుముకోకుండా కుడి భుజం చూపించాను. వాడు అక్కడ ముట్టుకొని, "ఎచ్చగనే ఉంది" అన్నాడు.

రెండేళ్లు ఆ అబద్ధం మీదనే బతికాను. ఇంతలో పిడుగులాంటి వార్త. నేతగాళ్ల సంఘం కొత్తగా కట్టుకున్న గది ప్రారంభానికి ప్లేట్ల రాజే వచ్చి పాడుతున్నాడట!

"అరె బేటా, నీ దోస్త్ వస్తున్నడంట! ఇగ ఫికర్ లేదు, నువ్వే మమ్మల్ని కలపాలె" అన్నాడు చాచా.

"కలుపుతడు, కలుపుతడు. ఆయన వచ్చి వీని భుజం మీద చెయ్యెయ్యకపోతే, రేపటి సంది వీడు గీ హోటల్ ముంగట తల దించుకొని పోవాలె" అన్నాడు బక్కోడు.

అందరూ నవ్వారు. నేనూ నవ్వాను. ఆ వయసులో నాకున్న ఆస్తి ఆ ఒక్క అబద్ధమే. అది పోతే నేను ఉత్త నేతగాని కొడుకును, వీధిలో పాతికమంది ఉన్నారు అలాంటివాళ్లు. రాత్రంతా ఆలోచించి ఒక ఉపాయం చేశాను. ప్రారంభం నాడు భోజనాల తర్వాత ఆయన మా ఇంటికి మగ్గాలు చూడటానికి వస్తాడని నాయిన చెప్పాడు. అప్పుడు పక్కకు తీసుకుపోయి, కాళ్లు పట్టుకొని, "సార్, ఒక్కసారి అందరి ముందర నా భుజం మీద చెయ్యెయ్యండి" అని బతిమాలుకుందామని.

ఆ రోజు పొద్దున మగ్గం మీద కూర్చున్నాను. మాది గుంట మగ్గం. కాళ్లు గుంతలో, ముఖం కిటికీ వైపు, వీపు తలుపు వైపు. చీర కొంగు దగ్గర రంగు మారే చోటు, తల తిప్పితే పోగు తెగుతుంది. ఎప్పటిలాగే ఆ పాట ఎత్తుకొని, దాని వేగానికి నూలు కండె ఉన్న నాడెను అటూ ఇటూ విసురుతున్నాను. వెనక ఎవరో వచ్చి నిలబడి నాతో పాటు కూనిరాగం మొదలుపెట్టారు. లావు గొంతు, నింపాది నడక. బక్కోడి అలవాటే అది, రోజూ వచ్చి నా పాటను పాడు చేసేవాడు. ఇవాళ జలుబు కూడా చేసినట్టుంది అనుకున్నాను.

"గా సాగదీసుడేందిరా? ఎడ్లబండి లెక్క పాడితే నా మగ్గం నిద్రపోతది. జర జల్ది పాడు!" అన్నాను.

గొంతు పాటను మళ్లీ అందుకుంది. ఆ చరణం దగ్గరకు వచ్చి "వినబడలేదా" అని ఒక్కసారే అని ముందుకు పోయింది. నాకు ఒళ్లు మండింది.

"ఆగాగు! ఒక్కసారంటే ఎట్ల? మూడుసార్లు అనాలె. మూడోసారి ఠప్పున కొట్టాలె."

"ఎందుకు కొట్టాలె?"

"ఎందుకేంది? పాటల ఉంది గనుక కొట్టాలె. అసలు నువ్వు ఆ పాట ఎన్నడన్న సక్కగ విన్నవా?"

"విన్నననే అనుకున్న" అంది గొంతు.

"నీ మొకం విన్నవు. నువ్వు గిట్ల పాడంగ ప్లేట్ల రాజు వింటే ఇగ పాటలే బంద్ జేస్తడు."

అప్పుడు నా కుడి భుజం మీద ఒక చెయ్యి పడింది. "ఇంకోపారి చెప్పు తమ్మీ, నేర్చుకుంట" అంది గొంతు.

"చెయ్యి తియ్ ముందు! పోగు తెగితే మా నాయిన నన్ను తెగ్గోస్తడు!"

వెనక నాయిన దగ్గాడు. ఆ దగ్గు నాకు తెలుసు. దాని తర్వాత మామూలుగా చెప్పు వస్తుంది. మెల్లగా మెడ తిప్పాను. దుకాణం గోడ మీది బొమ్మ మా ఇంట్లో నిలబడి ఉంది, పక్కన సంఘం పెద్దలు. అనుకున్నదానికంటే ముందే వచ్చేశారు. నేను దండం పెట్టానో లేదో గుర్తులేదు. తల వంచి, చీరతో సహా గుంతలోకి జారిపోయానని మాత్రం తెలుసు. ఆయన సరిగ్గా చూసిందల్లా నా వీపే.

"తప్పయింది సారూ, వాడు ఉత్త పిచ్చోడు" అంటున్నాడు నాయిన.

ఓ మూల నూలు కండెలు చుడుతున్న మా అవ్వ మాత్రం, "వాన్నెందుకు తిడ్తవురా? పిలగాడు సక్కగనే చెప్పిండు. ఈ అయ్యనే పాట మర్శిండు" అంది. ఆయన పెద్దగా నవ్విన చప్పుడు, తర్వాత చెప్పుల చప్పుడు వినిపించాయి.

నాలుగు గంటలకు కొత్త గది ముందు మైదానంలో సభ. ఊరు ఊరంతా పోయింది. నాయిన పోయాడు, అవ్వ కూడా కర్ర పట్టుకొని పోయింది. నేను పోలేదు. మళ్లీ గుంతలోనే కూర్చున్నాను. వెదురుబొంగుకు కట్టిన మైకులోంచి అంతా వినబడుతోంది. ఆయన తన అసలు గొంతుతో పాడుతుంటే జనం గొణుగుడు కూడా వినబడింది. (ఎవరో దొంగ ప్లేట్ల రాజును తెచ్చారని అనుకున్నారట.) అప్పుడు ఆయన ఆపి, "గీ ఊళ్లె నా పాటకు వేరే తీరు ఉన్నది. పొద్దుగాల ఒక మగ్గం ఉస్తాద్ నేర్పిండు" అన్నాడు. గొంతు సన్నగా చేసి, గలగలమని ఎత్తుకున్నాడు. వినబడలేదా... వినబడలేదా... వినబడలేదా... మైదానమంతా ఠప్పుమంది. నాకు తెలియకుండానే నా చెయ్యి కూడా గుంత అంచు మీద పడింది.

"ఏడున్నడు మా ఉస్తాద్? లేచి ముందరికి రా తమ్మీ!"

లేస్తే సరిపోయేది. పరుగెత్తితే అయిదు నిమిషాల దూరం. కాని ఎడ్లబండి మాట అందరి ముందూ చెబుతాడేమోనని కాళ్లు గుంతలోనే పాతుకుపోయాయి. అక్కడ ఎవరూ లేవకపోయేసరికి ఊరి పరువు పోతుందని చాచా బక్కోణ్ణి వేదిక మీదికి తోశాడట. ఆయన వాణ్ణి కావలించుకున్నాడు. వాడి కుడి భుజం మీద చెయ్యి వేశాడు. పట్నం నుంచి వచ్చిన ఒకాయన టక్కున ఫొటో తీశాడు.

మర్నాడు తల దించుకొనే హోటల్ ముందు నుంచి పోతుంటే బక్కోడు అడ్డం వచ్చాడు. నా చెయ్యి పట్టి తన భుజం మీద పెట్టుకొని, "చూడు, ఎచ్చగనే ఉంది. సగం నీదే తీస్కో" అన్నాడు. అంతకుమించి వాడు నన్ను ఎన్నడూ ఏమీ అనలేదు.

ఆ ఫొటో హోటల్ గోడకు చాలా ఏళ్లు ఉంది. చాచా పోయాక బక్కోడి ఇంటికి, వాడూ పోయాక నా దగ్గరికి వచ్చింది. పొగకూ చెమ్మకూ వెలిసిపోయి, భుజం మీది చెయ్యి తప్ప ముఖాలు ఆనవాలు పట్టేటట్టు లేవు. ఇంత సౌకర్యం దేవుడు ఎవరికి ఇస్తాడు! వచ్చినవాళ్లందరికీ ఆ బక్కపలచని మనిషి నేనే అని చెప్పుకుంటూ వచ్చాను. మొన్న మా మనవరాలి బిడ్డ దాన్ని కళ్లకు దగ్గరగా పెట్టుకొని, "గిది నువ్వేనా తాతా?" అంది. అవునని నోటిదాకా వచ్చింది. ఎందుకో ఆ పిల్లకు ఆ అబద్ధం చెప్పబుద్ధి కాలేదు.

"కాదు బిడ్డా. గది నా దోస్తు. అప్పుడు నేను గుంతల ఉన్న."

"గుంతల ఏం జేస్తున్నవు?"

"వింటున్న" అన్నాను.