మావిస్ గోపురం ఎక్కిన రోజు

ఇంగ్లండులోని లడ్లో అనే ఊరి సంతలో మావిస్ ప్రోబర్ట్ నలభై ఒక్క ఏళ్లు చీజు అమ్మింది. వచ్చిన ప్రతి యాత్రికుడికీ చీజు ముక్కతో పాటు ఒక సలహా కూడా ఇచ్చేది: "చర్చి గోపురం ఎక్కండి బాబూ, వేల్స్ కొండల దాకా కనబడతాయి." ఆవిడ మాత్రం ఒక్కసారీ ఎక్కలేదు. ఊరందరికీ సెలవైన రోజే ఆవిడకి ఊపిరాడని బేరం.

అరవై ఎనిమిదో ఏట, మే నెలాఖరు సోమవారం సెలవునాడు, అంగడి మేనకోడలికి అప్పగించి వదిన ఓల్వెన్ చెయ్యి పట్టుకుని బయలుదేరింది.

"ఇవాళ మనం ఈ ఊరికి కొత్తవాళ్లం వదినా."

"నువ్వు పుట్టింది ఆ వీధి చివరే కదే!"

"పుడితే పుట్టాను. నడు, నడు!"

మాంసం కొట్టు డెంజిల్ గుమ్మంలో నిలబడి ఉన్నాడు. మావిస్ ఎరగనట్టు అడిగింది: "ఏవండీ, కోట ఎటండీ?"

డెంజిల్ కనురెప్ప కూడా కదపలేదు. "తిన్నగా వెళ్లండమ్మా. దారిలో చీజు అమ్మే గయ్యాళి ఒకతి ఉంటుంది. దాని కంట పడకండి."

ఓల్వెన్ దీపస్తంభం పట్టుకుని మరీ నవ్వింది.

కోట గోడల నీడలో, గడ్డి మీద కూర్చుని ఇద్దరూ పంది మాంసం కూరిన పైలు తిన్నారు, చెరో గ్లాసు సైడర్ అనే ఆపిల్ మద్యం తాగారు. రెండో గ్లాసు కూడా అయ్యాక మావిస్‌కి ధైర్యం వచ్చింది. "పద, ఎక్కేద్దాం!"

చర్చి గోపురానికి రెండొందల మెట్లు, ఇరుకు మలుపులు, పట్టుకోవడానికి ఒక తాడు. ఓల్వెన్ వెనకనుంచి తోస్తూ, మధ్యమధ్య దేవుణ్ణీ ఆడపడుచునీ కలిపి తిట్టింది. పైకి చేరేసరికి మావిస్ టోపీ గాలికి ఎగిరిపోయింది. ఆవిడ దాని వంక చూడనైనా లేదు. ఏరు, పొలాలు, వాటి వెనక నీలంగా వేల్స్ కొండలు.

"కనబడుతున్నాయే! ఇన్నేళ్లూ నేను అబద్ధం చెప్పలేదు వదినా!" అంటూ చిన్నపిల్లలా గంతేసింది.

తర్వాత కిందికి చూసింది. డెంజిల్ కొట్టు పైనున్న ఇంటి కప్పు మీద, పిట్టగోడ వెనక, పాత ఫుట్‌బాల్ బంతులు గుట్టపడి ఉన్నాయి. ఊరి నడిమి చౌకులో ఆడినవాళ్ల బంతులు డెంజిలే దాచేస్తాడని ఇరవై ఏళ్లుగా ఊరంతా అతన్ని ఆడిపోసుకుంటోంది.

"డెంజిల్! నీ ఇంటి మీద బంతులున్నాయ్!" అని గొంతు చించుకుంది.

"బంధువులా? ఎవరొచ్చారు?" అన్నాడు డెంజిల్, కింద కొట్టు గుమ్మంలోంచి.

"బంధువులు కాదయ్యా, బంతులు!"

డెంజిల్ అటక కిటికీలోంచి కప్పు మీదికి దూరి చీపురుతో తోయడం మొదలుపెట్టాడు. బంతులు ఒక్కొక్కటే చౌకులోకి దూకి, ఏటివైపు వాలిన పెద్ద వీధిలో గెంతుకుంటూ పోయాయి. బ్యాంకు మేనేజరూ, చర్చి ఫాదరూ, ఐస్‌క్రీం చేత్తో పట్టుకున్న యాత్రికులూ వాటి వెనక పరుగెత్తారు. గోపురం దిగొచ్చిన మావిస్ కాళ్ల దగ్గరికి ఎర్ర బంతి ఒకటి దొర్లుకుంటూ వచ్చింది. ఆవిడ ఒక్క తన్ను తన్నింది. బంతి అక్కడే ఉంది, చెప్పు వెళ్లి పూల దుకాణం పందిరి మీద పడింది.

"అది దింపేదాకా ఆగుదామా?" అంది ఓల్వెన్, నవ్వలేక పొట్ట పట్టుకుని.

"దానికి తీరిక అయినప్పుడు అదే దిగుతుంది" అని మావిస్ రెండో చెప్పు కూడా విప్పి చేత పట్టుకుంది. వదిన చెయ్యి లాగి, బంతుల వెంట, ఉత్తకాళ్లతో ఏటివైపు పరుగు తీసింది.