సుడి తిరగని గాలి

కరోనా తగ్గాక వచ్చిన వేసవిలో నన్ను దిల్‌సుఖ్‌నగర్ కార్ల షోరూం నుంచి ఎల్బీనగర్ వర్క్‌షాపుకు వర్క్స్ మేనేజరుగా వేశారు. మెకానిక్కులు, రిపేరైన బండిని నడిపి చూసే టెస్టర్లు అందరూ నా కిందే. బండి బాగైందని సంతకం పెట్టి ఇవ్వాల్సింది మాత్రం నేను.

చేరిన కొత్తలోనే వనస్థలిపురం నుంచి పద్మమ్మ మూడోసారి అదే ఫిర్యాదుతో వచ్చింది. భర్తకు డయాలసిస్. ఆయన్ని దవాఖానకు తీసుకెళ్లడానికే నడివయసులో కారు నేర్చుకుంది. సిగ్నల్ దగ్గర కదలబోతే బండి గుంజి ఆగిపోతోందట. మా టెస్టరు రెండుసార్లూ నడిపి, బండి భేషుగ్గా ఉంది, నడపడమే సరిగా లేదని తేల్చాడు. బండి లోపాలు చదివే స్కానరూ అతనికే వంత పాడింది.

ఈసారి వెంట మరిది కూడా వచ్చాడు. "ఒదినెకు నడపొస్తలేదు సార్. అమ్మేద్దామంటే ఇనదు. అన్నను ఎనక కూసోబెట్టుకోని గిట్ల నడిరోడ్డు మీద ఆగితే ఎట్ల?" అన్నాడు.

ఆమె అతనికేసి చూడలేదు. "మొన్న ఎనక బస్సు మీదికొచ్చింది సార్. నిజంగనే నాకు రాదేమోనని నాకే భయమైతుంది" అంది.

నేనే నడిపి చూశాను. ఎక్కడా ఆగలేదు. సంతకం పెట్టేశాక రేపు బండి ఏ లారీ కిందో పడితే? చివరికి ఆమెనే నడపమని పక్కన కూర్చున్నాను.

చౌరస్తాలో పచ్చలైటు పడింది. ఆమె క్లచ్ ఒద్దికగా వదిలి, యాక్సిలరేటరు మీద కాలు ఆనీ ఆనకుండా ఆనించింది. బండి రెండుసార్లు దగ్గి నిలిచిపోయింది. వెనక సిటీబస్సు హారన్ చెవులు చిల్లులు పడేలా మోగింది. నా పైప్రాణాలు పైనే పోయాయి! ఆమె మళ్లీ స్టార్ట్ చేసి పక్కకు తీసింది. ఆమె నడపడంలో వంక పెట్టడానికేమీ లేదు. ఇంజనును అరిపిస్తూ నడిపేది మేమే.

పెట్రోలు ఇంజనులోకి గాలి ఊరికే వెళ్తే చాలదు, సుడి తిరుగుతూ వెళ్లాలి. అప్పుడే పెట్రోలు గాలిలో బాగా కలిసి మంట చకచకా పాకుతుంది. ఇంజను జోరుగా తిరిగితే గాలి వేగానికే కావలసినంత సుడి పుడుతుంది. నెమ్మదిగా తిరిగేటప్పుడు పుట్టదు. అందుకే ఆ మోడల్లో గాలి దారికి చిన్న రేకు తలుపులు పెట్టారు. తక్కువ వేగంలో అవి దారిని సగం మూసి, గాలిని ఇరుకులోంచి తోస్తాయి.

విప్పి చూస్తే, ఆ తలుపులను తిప్పే మోటారు బాగానే ఉంది. దాన్ని తలుపులకు కలిపే కడ్డీ ఊడిపోయింది. తలుపులు మూసుకోక, మెల్లగా కదిలించే ఆమెకే బండి ఆగింది, జోరుగా తొక్కే మాకు ఆగలేదు. స్కానరుకు మోటారు సంగతే తెలుస్తుంది, తలుపుల సంగతి తెలియదు.

కడ్డీ మార్చి, మళ్లీ ఆమెతోనే అదే చౌరస్తాకు వెళ్లాను. ఈసారీ వెనక ఒక బస్సు వచ్చి ఆగింది. పచ్చలైటు పడింది. బండి మెత్తగా కదిలింది.

వర్క్‌షాపులో మరిది తాళంచెవి కోసం చెయ్యి చాపాడు. నేను ఆమెకిచ్చాను. "రేపు మీ అన్నను నేనే తోల్కపోత" అంది అతనితో.

ఆ తర్వాత నా వర్క్‌షాపులో ఒక పద్ధతి పెట్టాను. తప్పు నడిపేవారిదని చెప్పాలంటే టెస్టరు ముందు వాళ్ల పక్కన కూర్చుని రావాలి. మన కాలితో నడిపి చూస్తే, మనం నడిపినప్పుడు బండి ఎలా ఉంటుందో మాత్రమే తెలుస్తుంది.