ఎల్లుండి చెయ్యి చూస్తాను

ఆ రోజుల్లో నాకు తెలియని సంగతంటూ ఉంటే, దాన్ని ఇంకా ఎవరూ కనిపెట్టలేదని నా గట్టి నమ్మకం. క్షయ మీద పరిశోధనలో చేరి అప్పటికి ఆర్నెల్లు. ఒకే ఇంట్లో ఒకే గాలి పీల్చే నలుగురిలో ఆ క్రిమి ఒక్కరినే ఎందుకు పడుకోబెడుతుంది, మిగతా ముగ్గురి ఒంట్లో ఏ కాపలా ఉంది అన్న ప్రశ్న నన్ను కుదురుగా అన్నం తిననిచ్చేది కాదు (ఇప్పటికీ తిననివ్వడం లేదు, కాకపోతే ఇప్పుడు అందుకు జీతమిస్తున్నారు). విజయనగరంలో పుట్టి పెరిగినవాణ్ణి, మనవాళ్ళతో మాట్లాడటం నాకు కొట్టిన పిండి అని కోతలు కోస్తే, మా గురువుగారు నిజమే అనుకుని భోగాపురం అవతల ఒక చేపలవాళ్ళ పల్లెకు నన్నే పంపించారు.

పని చిన్నదే. క్షయ వచ్చినవాళ్ళ ఇళ్ళలోనూ ఇరుగుపొరుగునా అందరికీ ముంజేతి చర్మంలో కొంచెం సూదిమందు ఎక్కించాలి. ఆ క్రిమి ఎప్పుడైనా ఒంట్లో దూరి ఉంటే రెండు రోజులకు అక్కడ గట్టిగా పొంగుతుంది. పొంగుకి అటూ ఇటూ బాల్‌పెన్నుతో రెండు గీతలు గీసి, మధ్య దూరం స్కేలుతో మిల్లీమీటర్లలో కొలవాలి. మూడు రోజులు దాటితే ఆ కొలత పనికిరాదు. సూది వేసింది కోటబొమ్మాళి నుంచి వచ్చిన నర్సక్క, అందరికీ ఎడం చేతికే. నేను గడప గడపకీ తిరిగి ఒకటే మాట చెప్పాను, "ఎల్లుండి వస్తాను, చెయ్యి చూస్తాను" అని. అదీ నా ఘనకార్యం.

ఎల్లుండి వచ్చింది. నర్సక్కకి వేరే ఊళ్ళో పనిబడి నేనొక్కణ్ణే వెళ్ళాను. ఊరంతా చేతులు శుభ్రంగా కడుక్కుని, ఆడవాళ్ళొక వరస మగవాళ్ళొక వరస కట్టి నిలబడ్డారు. ఆహా, ఎంత క్రమశిక్షణ అని మురిసిపోయాను. కొలత కొలిచి పైకి చదువుతూ పుస్తకంలో రాసుకుంటున్నాను. తొమ్మిది అనగానే ఒకావిడ కళ్ళొత్తుకుంది. చేపల బుట్టతో వచ్చిన ఒక పిన్నికి ఇరవై. అంత పొంగితే ఎక్స్‌రే తీయించాలి కదా అని నేను కంగారు పడుతుంటే, నాకు అంతక్కర్లేదు బాబూ అని ఆవిడ నవ్వింది. ఎంత గుండె ధైర్యం అనుకున్నాను. మగవాళ్ళ దగ్గరకి వచ్చేసరికి సున్నా, సున్నా, మళ్ళీ సున్నా. ఒక్కడికీ పొంగు లేదు! ఎడమో కుడో చూసుకోవలసినవాణ్ణి స్కేలు చూసుకుంటూ ఎగిరి గంతేశాను. సముద్రం మీద గాలో, ఉప్పో, చేపలో, ఏదో ఒకటి మగవాళ్ళని కాపాడుతోంది. ఆ మధ్యాహ్నమే కూర్చుని వ్యాసానికి పేరు కూడా పెట్టేశాను.

మర్నాడు పొద్దున్న నర్సక్కకి నా గొప్ప చూపిద్దామని వెంటబెట్టుకు వెళ్తే, పడవలన్నీ ఒడ్డునే ఉన్నాయి. ఒక్కడూ వేటకెళ్ళలేదు. ఇరవై పిన్ని వచ్చి నా చొక్కా పట్టుకుంది.

"మా గుంటడికి సున్నా అన్నావట. నిన్నటి నుంచి ముద్ద ముట్టనేదు, పడవెక్కనంతన్నాడు. నాకిచ్చిన ఇరవైలో పదేళ్ళు తీసి ఆడికెయ్యి బాబూ."

నర్సక్క కొంగు నోటికి అడ్డం పెట్టుకుని, నవ్వాపుకుంటూ నాతో అంది.

"మీరు సెయ్యి సూస్తానన్నారు కదండీ. జాతకానికైతే మగోళ్ళు కుడి సెయ్యే ఇస్తారు."

నా వ్యాసం అక్కడే సముద్రంలో కలిసింది. పిన్ని కొడుకు ఎడం చెయ్యి గబగబా లాగి చూస్తే, గీత గియ్యక్కర్లేకుండానే కనిపిస్తోంది పొంగు. పద్దెనిమిది అన్నాను. వాడి మొహం వెలిగిపోయింది, నా ప్రాణం ఉసూరుమంది. ఇంకొక్క రోజు నా సిద్ధాంతంతో ఊరేగి ఉంటే గడువు దాటిపోయేది. ఆ పూటే మగవాళ్ళందరి ఎడం చేతులూ మళ్ళీ కొలిచాను. గుంటడి ఎక్స్‌రేలో ఊపిరితిత్తి మీద చిన్న నీడ కనబడింది. ఆరు నెలలు మాత్రలు మింగాడు. నెలనెలా వెళ్ళి చూసి వచ్చేవాణ్ణి, నిజం చెప్పొద్దూ, భయంతోనే. బాగుపడ్డాడు. ఆ అంకెలు ఆయుష్షు కాదని ఊరందరికీ నచ్చజెప్పగలిగాను గానీ, పిన్ని మాత్రం ఒప్పుకోలేదు. ఎక్స్‌రేకి వచ్చింది, ఏమీ లేదన్నారు, అయినా తన ఇరవై వెనక్కివ్వనంది.

ఇప్పుడు నా దగ్గర పనిచేసే పిల్లలు మరీ అందమైన ఫలితం తెచ్చి చూపిస్తే, ఏ చెయ్యి అని అడుగుతాను. వాళ్ళకి అర్థం కాదు, పెద్దాయనకి చాదస్తం అనుకుంటారు. మొన్న అటువైపు వెళ్ళాల్సి వచ్చి ఆ పల్లెలో ఆగాను. గుంటడికి తల నెరిసింది. లోపల్నుంచి పిన్ని గోడ పట్టుకుని వచ్చి, నన్ను పోల్చుకుని, ఎడం చెయ్యి చాపింది.

"ఇరవై అయిపోనాయి బాబూ. మళ్ళీ సూడు."

స్కేలు లేదు, కొలవడానికి పొంగూ లేదు. జేబులో పెన్ను మాత్రం ఉంది. ముడతలు పడ్డ ఆ ముంజేతి మీద రెండు గీతలు, వీలైనంత ఎడంగా గీశాను.