బీరన్న పెద్దదినానికి సారా

కల్వకుర్తికి ఏడెనిమిది మైళ్ల దూరంలో, గుట్టల వారన ఉన్న ఒక పల్లెలో సుక్కమ్మ ఇప్పసారా కాయడం నేర్చుకున్నది నలభై దాటాక. నేర్పవలసిన మనిషి చనిపోయాడు కాబట్టే నేర్చుకోవలసి వచ్చింది.

ఆ మనిషి ఆమె పెనిమిటి బీరన్న. గొర్లకాపరి. ఏటా ఎండాకాలం మందను నల్లమల వైపు తోలుకుపోయి, వచ్చేటప్పుడు ఒక గంపెడు ఇప్పపూలు ఎండబెట్టి తెచ్చేవాడు. వాటితో ఏడాదికి మూడు నాలుగుసార్లు బట్టీ పెట్టేవాడు. అమ్మడానికి కాదు, ఇంటి పండుగలకూ చావులకూ. దుకాణం సారా నోట పెట్టేవాడు కాదు. పని చేసేటప్పుడు మాట్లాడేవాడూ కాదు.

యూనియన్ మిలట్రీ వచ్చిన నెలలోనే అతనికి చలిజ్వరం పట్టుకుంది. అంతకుముందు ఏడాదంతా రజాకార్లు మందలో గొర్లను పట్టుకుపోయారు. సంఘం వాళ్లు వచ్చి అన్నం అడిగారు. ఇప్పుడు మిలట్రీ వాళ్లు ఆ అన్నం తిన్నవాళ్ల జాడ అడుగుతున్నారు. పాలమూరు దవాఖానకు తీసుకుపోదామంటే బస్సులు బంద్. ఎనిమిదో రోజున పోయాడు.

మూడోనాడు పిట్టకు పెట్టాలి. పదకొండోనాడు పెద్దదినం. పోయినవాడికి ఇష్టమైన తిండీ తాగుడూ విస్తట్లో పెట్టకపోతే వాడు గడప దాటడని ఆ ఇళ్లలో నమ్మకం. సారా దుకాణం గుత్తేదారు ఊరొదిలి పారిపోయాడు. అయితే జ్వరం రాకముందు బీరన్న నానబెట్టిన పూలకుండ ఒకటి గొర్లదొడ్డిలో పులిసి ఉంది.

"అన్న పక్కన కూసోని వందసార్లు చూసిన వదినె. నేను చెప్త, నువ్వు చెయ్యి" అన్నాడు మరిది పర్వతాలు.

అతను చెప్పాడు, ఆమె చేసింది. మంట పెద్దగా పెట్టమన్నాడు, జల్ది దిగుతుందన్నాడు. కుండలో పులిసిన పూల కల్కం పొంగి వెదురు గొట్టంలోకి ఎక్కింది. దిగింది మట్టిరంగు నీళ్లు, మాడు వాసన. పర్వతాలు ఒక గుక్క తాగి పక్కకు ఉమ్మాడు.

"కూసోని చూసినవా, కూసోని తాగినవారా?" అంది బీరన్న అక్క బక్కమ్మ. తమ్ముడి చావుకు వచ్చి, పెద్దదినం దాకా ఉండిపోయిన మనిషి. "ఇదా మా తమ్ముని నోట్లె పోసేది?"

మూడోనాడు విస్తట్లో సారా లేకుండానే గడిచింది. ఆ రాత్రి బక్కమ్మ అన్నం తినలేదు.

అటక మీద ఇంకో అరగంప పూలున్నాయి. అంతే. మళ్లీ ఎండాకాలం దాకా పూలు లేవు. సుక్కమ్మ వాటిని దులిపి, కడిగి, నానబోసి, పాత కుండ అడుగున కాయకుండా మిగిలిన పులుపు రెండు చెంబులు కలిపింది.

"జర నవసాగరం ఎయ్యి వదినె, గట్టిగొస్తది."

"మీ అన్న ఏసిండా?"

"ఎయ్యలే."

"మరి నోరు మూస్కో."

బీరన్న ఏం చెప్పేవాడో గుర్తు చేసుకుందామంటే, అతను ఏదీ చెప్పలేదు. అందుకని అతని చేతులను గుర్తు చేసుకుంది. కుండ మూతి దగ్గర చెవి పెట్టి వినేవాడు. ఆమె కూడా పొద్దుకోసారి విన్నది. రెండోరోజు అన్నం ఉడికినట్టు చప్పుడు. ఐదోరోజుకు మందగించింది. ఏడోరోజున చప్పుడు లేదు, తేలిన పూలు కిందికి దిగిపోయాయి. ఇక కాయాలి.

పదోనాడు పొద్దున ఊరంతా పొయ్యిలు రాజేసే వేళ చూసుకుని దొడ్డిలో బట్టీ పెట్టింది. గుట్ట మీద ఒంటరిగా పొగ లేస్తే మిలట్రీ వాళ్లు పరుగెత్తుకొస్తారు. పల్లె పొగలో ఈ పొగ కలిసిపోతుంది. పులుపు వాసనను గొర్ల వాసన కప్పుతుంది. ఇద్దరు సిపాయిలు కంచె దాకా వచ్చి, ముక్కు మూసుకుని వెళ్లిపోయారు.

కింద పూలకుండ. దాని మీద అడుగున చిల్లులున్న కుండ, అందులోంచి బయటికి వెదురు గొట్టం. అన్నిటికీ పైన చన్నీళ్ల ఇత్తడి గిన్నె; దాని అడుగుకు తగిలిన ఆవిరి చుక్కలై గొట్టంలోకి జారాలి. అతుకులకు రేగడిమట్టి మెత్తింది. రెండే కట్టెలు పెట్టింది. గిన్నెలో నీళ్లు చెయ్యి ఓర్చుకోలేనంత వేడెక్కగానే తోడిపోసి కొత్తవి పోసింది. బావి దూరం. బిందె మీద బిందె మోసేసరికి నడుము పనికిరాకుండా పోయింది. పది రోజుల నుంచి సరిగ్గా నిద్ర లేదు.

గొట్టం నుంచి మొదటి చుక్క పడగానే బక్కమ్మ మోదుగాకు డొప్ప పట్టుకుని ముందుకు జరిగింది.

"తొలి చుక్క మా తమ్మునిది."

సుక్కమ్మ వేలు అడ్డం పెట్టి వాసన చూసింది. ముక్కు కోసుకుపోయింది. నాలుకకు రాసుకుంటే మంట, వెనకాలే వెగటు. బీరన్న ప్రతిసారీ మొదటి అరగ్లాసు "పోశమ్మ తల్లికి" అంటూ కంచె దగ్గర పారబోసేవాడు. అది భక్తి అనుకుంది ఇన్నేళ్లూ.

"వదినె, ఇది వద్దు. పారబోయాలె" అంది ఆడబిడ్డతో.

"తొలి చుక్క పారబోస్తవా? మొగుని దినం సారా పారబోసే పెండ్లామును నిన్నే చూస్తున్న!"

"ఆయన పోశమ్మకు పోస్తుండె. ఆమె దేవత, ఏదన్న తట్టుకుంటది. ఇది తాగితే తలకాయ పగులుతది."

"సచ్చినోనికి తలనొప్పి వస్తదానె?"

"మీ తమ్మునికొస్తది" అంది సుక్కమ్మ.

బక్కమ్మ డొప్ప కింద పెట్టింది. సుక్కమ్మ అరగ్లాసు కంచె దగ్గర పోసి వచ్చి, సీసా పెట్టింది. ఇప్పుడు పడుతున్న చుక్కలో పూల వాసన ఉంది.

పొద్దెక్కేదాకా కూర్చుంది. మధ్యమధ్య వేలు తడిపి రుచి చూసింది. చప్పబడగానే కట్టెలు బయటికి లాగేసింది.

"ఇంకా కారుతాంది గద వదినె!" అన్నాడు పర్వతాలు.

"కారనియ్యి. సారా అయిపోయింది."

అరగంప పూలకు వచ్చింది ఒకటిన్నర సీసా. పర్వతాలు దాన్ని చూసి నిట్టూర్చాడు.

పదకొండోనాడు విస్తట్లో జొన్నరొట్టె, మాంసం, డొప్పలో సారా పెట్టారు. మిగిలింది చుట్టాలకు తలా రెండు గుక్కలు. బక్కమ్మ తన వంతు నోట్లో పోసుకుని చాలాసేపు మింగలేదు. తర్వాత కళ్లు తుడుచుకుంది.

"గొంతుల గరుకు లేదు" అంది.

సుక్కమ్మ కూడా తాగింది. బీరన్న సారాకు గుక్క దిగాక నాలుక మీద ఒక తీపి మిగిలేది. దీనికది లేదు. ఎక్కడ తప్పిందో ఆలోచిద్దామనుకుంది, చేతకాలేదు. దొడ్డి గోడకు చేరబడింది. అలాగే నిద్రపోయింది.

సాయంత్రం మంద తిరిగొచ్చినా ఆమె లేవలేదు. లేపబోయిన పర్వతాలును బక్కమ్మ చేత్తో ఆపి, గొర్లను తానే దొడ్లోకి తోలి తడక మూసింది.