పీకడానికి మాత్రమే కార్డు

డ్రీమా స్టిల్ట్‌నర్ పదకొండేళ్ళుగా ముసలివాళ్ళ పళ్ళు తోముతోంది. మా లోయలో ఇంటింటికీ వెళ్ళి, కదలలేనివాళ్ళను చూసుకునే పని ఆమెది. స్నానం చేయించాలి, మందులివ్వాలి, కట్టుడు పళ్ళు తీసి రుద్ది గ్లాసు నీళ్ళలో వేయాలి. ఎవరు ఏ రోజు ఎవరింటికి వెళ్ళాలో రాసిపెట్టే పని నాది.

ఆమె సొంత పళ్ళ గొడవ ఇరవై రెండో ఏట మొదలైంది. అప్పట్లో ఆమెకు పేదవాళ్ళకిచ్చే ప్రభుత్వ వైద్యం కార్డు ఉండేది. దవడ పన్ను పుచ్చి చెంప వాచిపోతే డాక్టరు దగ్గరకు వెళ్ళింది. ఆయన మంచివాడే. తలుపు దగ్గరకు వేసి నెమ్మదిగా చెప్పాడట: "దీన్ని బాగుచేయొచ్చమ్మా. కానీ పెద్దవాళ్ళకి నీ కార్డు పన్ను పీకితేనే డబ్బులిస్తుంది. బాగుచేస్తే నువ్వే పెట్టుకోవాలి." చంకలో బిడ్డ ఉంది, ఇంట్లో ఏమీ లేదు. పీకించుకుంది. ఆ తర్వాత రెండు మూడేళ్ళకొకటి చొప్పున అలాగే పోతూ వచ్చాయి.

మా దగ్గర చేరాక కొన్నేళ్ళకు వారానికి ఆరు గంటల పని ఎక్కువ దొరికింది. సంబరపడింది. ఆ ఆరు గంటల జీతంతో ఆదాయం గీత దాటిందని కార్డు తీసేశారు. ఇంటింటికీ తిరిగేవాళ్ళకు మా ఆఫీసు ఇచ్చే బీమా కాగితం పట్టుకుని నా బల్ల దగ్గర కూర్చుని, వేలు పెట్టి చదివింది.

"గుండె ఉంది, మోకాలుంది, కాలి బొటనవేలు కూడా ఉంది వెల్డా. నోరెక్కడుంది?"

నోరు లేదు. పళ్ళకు విడిగా బీమా కొనుక్కోవాలి. కొన్నా సరే, అప్పటికే ఊడిపోయిన వాటికి అది పనికిరాదు.

వారంలో ఐదు రోజులు ఆమె హోబర్ట్ బ్లాంకెన్‌షిప్ ఇంటికి వెళ్ళేది. ముప్పై నాలుగేళ్ళు బొగ్గు గనిలోకి దిగిన మనిషి. ఎనభై దాటాయి, చూపు పూర్తిగా పోయింది. గని కార్మికుల సంఘం పోరాడి సంపాదించిన మంచి కార్డు ఆయనకుంది. దానితో పైన, కింద పళ్ళు కట్టించుకుని, నొక్కుతున్నాయని ఆదివారం చర్చికి తప్ప పెట్టుకునేవాడు కాదు. మధ్యాహ్నం చిక్కుడు గింజల సూపు తాగాక ఆయనకు పేపరు చదివి వినిపించాలి. ముందు చావు కబుర్లు, తర్వాతే మిగతావి.

ఒక రోజు డ్రీమా ఆయన చొక్కాకు బొత్తాం కుట్టి, దారం పళ్ళతో కొరికింది. పై వరసలో ముందు పన్ను విరిగి ఒళ్ళో పడింది. నెల తిరక్కుండానే దాని పక్కదీ ఊడింది. అప్పటినుంచి మాటకు ముందు చెయ్యి నోటి మీదకు వెళ్ళేది. ఏం మాట్లాడినా సన్నగా ఈల వచ్చేది. చర్చిలో పాడడం మానేసింది. తలనొప్పని చెప్పి పేపరు చదవడం కూడా మానేసింది.

వారం చూసి హోబర్ట్ ఉండబట్టలేకపోయాడు.

"ఏం పిల్లా, నా మీద కోపమా?"

"మీ మీద కోపమెందుకండీ."

"మరి పేపరు లేదు, పాట లేదు. ఎవరు చచ్చారో తెలీక నేను చస్తున్నా."

డ్రీమాకు నవ్వాగలేదు. నవ్వులో ఈల వచ్చింది. ఆయన చెవి నిక్కబొడుచుకుంది.

"ఓహో. పన్నా?"

"రెండు. ముందువే."

"నా గ్లాసులోవి పట్టుకుపో. ఊరికే నీళ్ళలో నానుతున్నాయి."

"మీ నోరు గనంత ఉంది. మీవి నాకెక్కడ పడతాయి?"

"పడకపోతే మానె. గుడ్డివాడి ముందు నీకు సిగ్గేంటే పిచ్చిదానా? నాకు నువ్వంటే నీ గొంతే. అది కూడా దాచేస్తే ఎట్లా? ఈల వేసుకుంటూనే చదువు."

చదివింది.

ఆ వేసవిలో మా ఆఫీసు ముందు బల్ల దగ్గర పని ఖాళీ అయింది. కూర్చుని చేసే ఉద్యోగం, జీతంతో పాటు పళ్ళ బీమా. మిగిలిన నాలుగు పళ్ళైనా దక్కుతాయని డ్రీమా అర్జీ పెట్టింది. మేనేజరు పక్కన నేనూ కూర్చున్నాను. నోటికి చెయ్యి అడ్డం పెట్టుకునే అన్నిటికీ సరిగ్గా జవాబులు చెప్పింది. ఆమె బయటికి వెళ్ళాక మేనేజరు, "మనిషి మంచిదే. కానీ తలుపు తీయగానే కనబడే మొహం కదా," అన్నాడు. ఆమె ఎలాంటిదో ఆ గదిలో నాకంటే తెలిసినవాళ్ళు లేరు. నేను కాగితాలు సర్దుకుంటూ ఊరుకున్నాను. ఉద్యోగం ఇంకొకామెకు వెళ్ళింది.

మరుసటి ఏప్రిల్‌లో హైస్కూల్లో ఉచిత దంతవైద్య శిబిరం పెట్టారు. బాస్కెట్‌బాల్ ఆడే హాల్లో వరసగా కుర్చీలు. వరసలో డ్రీమా ముందు బడి బస్సు నడిపే ఆయన, వెనక కిరాణా కొట్లో పనిచేసే అమ్మాయి. అందరూ పొద్దున లేచి పనికి పోయేవాళ్ళే. తల నెరిసిన ఒక డాక్టరమ్మ పీట దగ్గరకు లాక్కుని, డ్రీమా నోరంతా ఓపిగ్గా చూసింది.

"ఎన్నాళ్ళ నుంచి నొప్పి?"

"నొప్పి లేని రోజు గుర్తులేదండీ. నేనే సరిగ్గా చూసుకోలేదు."

"ఇందులో నీ తప్పేం లేదమ్మా."

ఆ మాట ఆమెతో అంతకు ముందు ఎవరూ అనలేదు. ఏడ్చేసింది. డాక్టరమ్మ పైన మిగిలిన పళ్ళన్నీ తీసేసి, కట్టుడు పళ్ళు చేసే వీలు ఇక్కడ లేదని, తను చదువుకున్న దంతవైద్య కళాశాలకు ఉత్తరం రాసిచ్చింది. అక్కడ విద్యార్థులు తక్కువ ఖర్చుతో చేస్తారు. చిగుళ్ళు మానాక ఐదు గురువారాలు వెళ్ళాలి. పోను రెండున్నర గంటలు, రాను రెండున్నర గంటలు.

ఆ గురువారాలు హోబర్ట్ ఇంటికి నా పేరే రాసుకున్నాను. నేను చదివితే ఆయనకు నచ్చేది కాదు. "నువ్వు చావు కబురు చదువుతుంటే పంతులమ్మ హాజరు పిలుస్తున్నట్టుంది," అనేవాడు.

మూడో గురువారం సాయంత్రం డ్రీమా తిరిగొచ్చేసరికి ఆయన కునుకు తీస్తున్నాడు. ఇద్దరం వసారాలో కూర్చున్నాం. ఇంక మోయలేక చెప్పేశాను.

"ఆ ఉద్యోగం రోజు నేను నీ తరఫున ఒక్క మాట అనలేదు డ్రీమా."

"ఉద్యోగం నీ చేతిలో లేదుగా."

"మాట నా చేతిలోనే ఉంది."

ఆమె చెప్పులు విడిచి కాళ్ళు చాపుకుంది.

"ఉంది," అంది. "ఇంటికెళ్ళి ఏడ్చాను ఆ రోజు. నీ మీద కోపంతో కూడా." తర్వాత చెయ్యి చాపింది. "లోపల బంగాళాదుంప ముద్ద ఉందన్నావుగా, ఇలా తే. పొద్దున్నించీ ఏం తినలేదు."

తెచ్చిచ్చాను. సగం తిని, చెంచా నా చేతికిచ్చింది.

సెప్టెంబరులో పై పళ్ళు వచ్చాయి. అమర్చింది ఒక విద్యార్థిని. అద్దం ఇస్తే డ్రీమా చూసుకుని, "మా అమ్మలా ఉన్నానే," అందట. ఇద్దరూ నవ్వారట.

మర్నాడు ఆమె హోబర్ట్‌కు ఏమీ చెప్పకుండా పేపరు తీసి మొదటి పేరు చదివింది. కొత్త పళ్ళతో నాలుక తడబడింది గానీ ఈల లేదు. ఆయన తల తిప్పాడు.

"ఎవరమ్మా నువ్వు? మా పిల్లేది?"

"నేనేనండీ."

"కాదు. మా పిల్ల ఈల వేస్తుంది."

"దాన్ని కాలేజీలో వదిలేసి వచ్చాను."

"ఇలా రా. దగ్గరకు. నవ్వు."

నవ్వింది. గనిలో తగిలిన గాయాల్లో బొగ్గు పొడి ఇంకి నీలి చారలు పడ్డ వేళ్ళు ఆమె చెంపల మీద పెట్టి, ఆ నవ్వు ఎంత దూరం వెళ్ళిందో మెల్లగా తడిమి చూశాడు.

"ఇంత పెద్దదా! ఇన్నేళ్ళూ ఎక్కడ పెట్టావే దీన్ని?" అన్నాడు. ఇద్దరి కళ్ళూ తడిసే ఉన్నాయని తర్వాత డ్రీమాయే నాకు చెప్పింది.

కొత్తవి చిగుళ్ళకు ఒరుసుకుని నెల రోజులు పుండ్లు చేశాయి. ఇప్పుడు చర్చిలో రెండో వరసలో నిలబడి పాడుతోంది. బీమా కాగితంలో నోరు మాత్రం ఇంకా లేదు. కింద రెండు పళ్ళు సలుపుతున్నాయి. వచ్చే ఏప్రిల్ శిబిరానికి పేరు రాయించుకుంది. ఆ రోజు ఆమెను తీసుకెళ్ళేది నేనే.